కూర్చునే చెప్పులు

పిన్నికి అలవాటే కదమ్మా అన్నాడు మా వాడు, అన్నం తింటూ తల ఎత్తకుండా. తల ఎత్తి నా మొహం చూసి అని ఉంటే ఆ మాట ఆ కంచం దగ్గరే చల్లారిపోయేదేమో. ఎత్తలేదు కాబట్టి అది నన్ను పట్టుకుంది, నాతోపాటు బస్సెక్కింది, కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చుంది, నాతోనే దిగి, మోకాళ్ళు పట్టేసే ఈ మెట్లన్నీ ఎక్కి, చెల్లెలి గదిలోకి నాకన్నా ముందు దూరింది. చెల్లెలు మాత్రం లేదు. కింద బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, బజారుకెళ్ళిందమ్మా, ఏదో మార్చుకొస్తానంది, వచ్చేస్తుంది, పైన కూర్చోండి అంది. కూర్చున్నాను. కూర్చోవడం నాకు బాగానే వచ్చు. కుట్టుమిషను ముందు కూర్చునే ఒక జీవితం గడిపేశాను. కూర్చోవడం రానిది మా చెల్లెలికి. ఈ గదిలో ఒక్కటే కుర్చీ, దాని నిండా ఉతికిన బట్టల గుట్ట, కుర్చీ కొన్నప్పటి నుంచీ ఆ గుట్ట అక్కడే ఉంది. తిండి కూడా కిటికీ దగ్గర నిలబడే తింటుంది, గిన్నె చేత్తో పట్టుకుని, ఎవరో వెనక నుంచి త్వరగా కానీ అంటున్నట్టు. నేను మంచం మీద కూర్చున్నాను. మంచానికి కాళ్ళ వైపు కింద ఇటుకలు పెట్టింది, పడుకున్నప్పుడు పాదాలు ఎత్తుగా ఉండాలని డాక్టరు చెప్పాడట. అందుకని కూర్చున్నదాన్ని తలగడ వైపుకి జారిపోతున్నాను. జారి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ జారి, ఛీ, ఇంటికి పోదామంటే తాళం తీసి ఉంది, ఉందామంటే చెప్పాల్సిన మాట ఉంది.

చెప్పాల్సింది ఇంతే. మనవరాలి పెళ్ళికి నువ్వు రావాలి, కానీ మేం పిలిచినట్టు రాకూడదు. ముందు వరసలో నా పక్కన కూర్చోడానికి రమ్మన్నాం, ఇప్పుడు వెనక వంటింట్లో నిలబడడానికి రా. అంతే. ఇంత చిన్న మాట మోయడానికి నన్ను పంపాడు. వాడే వచ్చి చెప్పొచ్చు. గోడౌనులో సరుకు ఎక్కించే చోట అంతమంది మీద అరిచే గొంతు వాడిది, ముసలి పిన్ని ముందు ఆ గొంతు పెగలదట. అమ్మా, నువ్వైతే బాగా చెప్తావు అన్నాడు. పిల్లికి గంట ఎవరు కడతారంటే అమ్మ కడుతుంది. కోడలు ఆ పక్కనే కాగితం పూలు చుడుతోంది, పూలకి పెట్టే ఖర్చు తప్పించాలని నెల్లాళ్ళుగా చుడుతూనే ఉంది పాపం, దాని వేళ్ళ నిండా జిగురు. కాగితాన్ని ఇంకొంచెం గట్టిగా చుట్టింది.

అసలు ఇదంతా నా చదువు వల్ల వచ్చింది. హాలు చూడ్డానికి అందరం వెళ్ళాం, కార్మిక సంఘం వాళ్ళ హాలు, సెలవు రోజు కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం తీసుకుంటే మా తాహతుకి అందుతుంది. పెద్ద కిటికీలు, చెక్క నేల, గోడకి తడి మరక, ఆ మరక మీద కోడలి కాగితం పూలు వేలాడదీస్తే సరిపోతుందని అప్పుడే అనుకున్నాం. తలుపు పక్కన గోడకి నిబంధనలు అంటించి ఉన్నాయి. కనబడ్డ అక్షరమల్లా చదవకపోతే నాకు నిద్రపట్టదు. మందు సీసా మీదది, బస్సు టికెట్టు వెనకది, ఏదైనా సరే. మనవరాలు వింటోంది కదా అని పైకే చదివాను. అనుమతించిన కుర్చీల కన్నా ఒక్కటి ఎక్కువ వేసినా అద్దె రెట్టింపు. వంటవారు, పనివారు లెక్కలోకి రారు. చదివి, చూశావా ఎంత చక్కగా రాశారో అన్నాను కూడా. మా వాడు ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. అప్పుడే తెలిసుంటే నాలుక కొరుక్కునేదాన్ని. అప్పటికి మా వైపు కుర్చీలన్నీ నిండాయి, ఆఖరిది చెల్లెలిది, అంతా బాగానే ఉంది. తర్వాత వాడి పై అధికారి, నేనూ మా ఆవిడా తప్పకుండా వస్తామోయ్ అన్నాడట. పిలవకుండానే వస్తామన్నాడు. గోడౌనులో మనుషుల్ని తీసేస్తున్నారు, ఎవరి పేరు ఎప్పుడొస్తుందో తెలియదు, అలాంటి రోజుల్లో వస్తానన్నవాణ్ణి వద్దనడానికి మా వాడికి నోరెక్కడిది. ఒక కుర్చీ, చిన్నప్పుడు మా వాడితో చదువుకున్న స్నేహితుడిది, తీసేశాడు. రెండోది కావాలి. ఎవరిది తీస్తే అరవరు? ఎవరిది తీస్తే మనసులో పెట్టుకోరు? పైగా ఎవరిది తీస్తే వంట ఖర్చు కూడా కలిసొస్తుంది? ఒక దెబ్బకి రెండు పిట్టలు. రెండూ మా చెల్లెలే.

నాకు వాడి మీద జాలి లేదని కాదు. రాత్రుళ్ళు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటాడు, చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే పెట్టుకునేవాడు. కానీ జాలి ఒక పక్క పొంగుతుంటే కోపం ఇంకో పక్క పొంగుతోంది, రెండు పొయ్యిలూ ఒకేసారి ఆర్పడం నాకు రాదు. పొయ్యి సంగతి నాకేం తెలుసు లెండి. నా వంట గురించి మా ఇంటాయన అనేవాడు, పైన పలుకు, కింద బొగ్గు, మధ్యలో భార్య అని. చేతిలో పుస్తకం ఉంటే గిన్నె సంగతి మర్చిపోతాను, గిన్నె సంగతి గుర్తొచ్చేసరికి ఇల్లంతా పొగ. అక్కకి నీళ్ళు కాచడం అప్పజెప్పినా మాడ్చి పెడుతుంది అంటుంది చెల్లెలు.

ఆ పుస్తకం కూడా తనే ఇచ్చింది. ఎంత వెనక్కి పోయినా అక్కడికే వస్తాను. నాన్న పోయాక ఇద్దరిలో ఒకరు పనికి వెళ్ళాలి. పెద్దది పీలగా ఉంది, చిన్నది గట్టిది అంది అమ్మ. కూరగాయలు ఎంచినట్టు ఎంచింది. పెళ్ళిళ్ళకీ విందులకీ వండిపంపే ఒక పెద్ద వంటశాల వాళ్ళు పిల్లల్ని కూడా పనిలో పెట్టుకునే రోజులు అవి. ఇద్దరికీ కలిపి ఒక్క జత చెప్పులు ఉండేవి మాకు, ఇద్దరి పాదాలూ ఒకే కొలత, తను నాకన్నా చిన్నదైనా పాదం నాతో సమానం. ఒకరోజు నేను, ఒకరోజు తను. ఆ రోజు నా వంతు. అమ్మ నా కాళ్ళ నుంచి తీసి దాని కాళ్ళకి తొడిగింది. అది గేటు దగ్గర వెనక్కి తిరిగి, రేపు నీకే ఇచ్చేస్తానక్కా అంది. రేపు రాదని దానికి ఎవరూ చెప్పలేదు. మట్టిలో వట్టికాళ్ళతో నిలబడి నేను ఏడవలేదు, చెప్పుల గురించి ఏడుస్తున్నాననుకుంటారని. అప్పటి నుంచి ఎవరు ఏ గుమ్మం దాటినా ఆ గేటే కనబడుతుంది నాకు. మా ఆయన ఆస్పత్రిలో, చూసే వేళ అయిపోయిందమ్మా అని నర్సు నన్ను బయటికి పంపుతుంటే, రేపొచ్చేటప్పుడు కళ్ళజోడు తే అన్నాడు. తీసుకెళ్ళాను. తుడిచి మరీ తీసుకెళ్ళాను. ఆ కళ్ళజోడు ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. రేపు అనే మాట ఎవరు కనిపెట్టారో, వాడి నోట్లో మన్నుపడ.

వంటశాల నుంచి వచ్చినప్పుడల్లా దినుసులు చుట్టిన కాగితాలు తెచ్చేది చెల్లెలు. సగం కథ, చిరిగిన వార్త, మధ్యలో నూనె మరక. అవే నా బడి. అక్షరాలు ఒకటొకటిగా ఆ మరకల్లోంచి ఏరుకున్నాను. కథ చివర ఏమైందో ఎప్పటికీ తెలిసేది కాదు, మిగతా సగంలో ఇంకెవరో పప్పు కట్టించుకుని పోయుంటారు. అలా దాని చేతుల మీదుగా నేర్చుకున్న చదువు, చివరికి ఆ గోడ మీద కాగితం పైకి చదివి దాని కుర్చీ లాగేయడానికి పనికొచ్చింది. చదువుకున్న ముండాకొడుకుల్ని నమ్మకూడదని మా అమ్మ ఊరికే అనలేదు.

అలవాటే కదా. అవునురా, అలవాటే. ఎవరు చేశారు? నా పెళ్ళికి వంటశాల యజమాని, మీ పిల్లే కదా వండేది, కొంత తగ్గిస్తాలే అన్నాడు. తగ్గించాడు. మా చెల్లెలు అక్క పెళ్ళిని గిన్నెలు అందించే కిటికీలోంచి చూసింది. నీ పెళ్ళికి, పిన్ని కానుక అని అందరం గొప్పగా చెప్పుకున్నాం, కానుకంటే ఏమిటి, తెల్లవారకముందు నుంచీ పొయ్యి దగ్గర నిలబడడం. నా పెళ్ళి ఫోటోల్లో ఎక్కడా అది లేదు. ఒక్కదాంట్లో మాత్రం, మా అత్తగారి భుజం వెనకాల, సగం తెరిచిన తలుపులోంచి ఒక మోచెయ్యి, ఒక గరిట. మనవరాలు చిన్నప్పుడు ఆ ఫోటో చూసి ఇదెవరు నానమ్మా అంటే, చిన్ననానమ్మ అన్నాను. గరిటేనా చిన్ననానమ్మ అంది. చెల్లెలి తోటి పనివాళ్ళంతా కూడా దాన్ని గరిట అనే పిలిచేవారు. గరిట వచ్చిందా, గరిటకి జ్వరమట. అంతే, ఒక చెయ్యి, ఒక గరిట. మిగతా మనిషి మా కుటుంబానికి ఎప్పుడూ అవసరం పడలేదు.

అందుకే కదా మనవరాలే ఫోన్ చేసింది, పెళ్ళి ఖాయమైన రోజున, అందరికీ వినబడేట్టు పెట్టి. చిన్ననానమ్మా, నువ్వు ముందు వరసలో కూర్చోవాలి, నానమ్మ పక్కన అంది. అవతల ఏమీ వినబడలేదు. లైను పోయిందేమో అనుకున్నాం. కాసేపటికి చెల్లెలి గొంతు చిన్నగా వచ్చింది.

"కూర్చోడానికా?"

అందరం నవ్వాం. మా వాడు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే వాడి వీపు మీద ఒక్కటి వెయ్యాలనిపిస్తుంది. ఆ వారంలోనే చెల్లెలు తనే ఫోన్ చేసింది, నాకు మాత్రమే వినబడేట్టు. చెప్పులు కొన్నానక్కా అంది. ఏం చెప్పులు అన్నాను. సన్న పట్టీలవి, మడమ దగ్గర కాస్త ఎత్తు, లేత రంగు, వీటితో నాలుగడుగులు వేస్తే పడిపోతాను, ఇవి నిలబడే చెప్పులు కావే అక్కా, ఇవి కూర్చునే చెప్పులు అంది. బతుకంతా నల్ల రబ్బరు బూట్లు తొడుక్కున్న మనిషి, నూనె పడితే జారనివి, లోపల పాదాలు ఉడికిపోయేవి. రోజూ తొడుక్కుని చూసుకుంటున్నావా అన్నాను. లేదు, రోజూ మూత తీసి చూస్తున్నాను, తొడిగితే అడుగు మాసిపోతుంది, పెళ్ళినాడే తొడుగుతాను అంది. ఎంతకి కొన్నావని నేను అడగలేదు. దాని గదిలో ఒక్కటే పొయ్యి, ఒక్కటే గిన్నె. ఎక్కడ తగ్గించుకుని కొందో నాకు తెలుసు.

ఇప్పటికి రావాలే. బజారు ఎంత దూరమని. రోడ్డు దాటేటప్పుడు అది అటూ ఇటూ చూడదు, వంటింట్లో నడిచినట్టు అందరూ తనకి దారి ఇస్తారనుకుంటుంది. మెట్ల మీద ఎవరో వస్తున్నారు. కాదు, పక్క గది వాళ్ళు. ఎవరైనా ఆలస్యం చేస్తే నాకు కాలు నిలవదు, వస్తే వచ్చినందుకు తిడతాను, మా ఆయన అనేవాడు, నువ్వు ఎదురు చూడవే, కాపలా కాస్తావు అని. సరే, వచ్చిందనుకో, ఏమని మొదలుపెట్టాలి? తీపి పూసి చెప్పాలా? ఒసే, నీ చేతి వంట లేకపోతే పిల్లకి పెళ్ళయినట్టే ఉండదట అనాలా? వింటే నేనే వాంతి చేసుకుంటాను. పోనీ ఉన్నదున్నట్టు చెప్తే? నీ కుర్చీ మా వాడి పై అధికారి పెళ్ళాం తీసుకుంది, ఆవిడ మా పిల్ల మొహం ఇంతవరకూ చూడలేదు, పెళ్ళిలో ఏ పిల్ల పెళ్ళికూతురో ఎవరో చూపిస్తే గానీ తెలియదు, అయినా ఆవిడ కూర్చోవాలి, నువ్వు నిలబడాలి అనాలా? ఇంత వయసొచ్చి, ఇంత చదివి, నాకు ఒక్క వాక్యం కుదరడం లేదు.

చెప్పను. ఎందుకు చెప్పాలి? ఆ ఆలోచన రాగానే మంచం మీద జారడం ఆగిపోయినట్టు అనిపించింది. చెప్పను. ఊరికే చూసిపోదామని వచ్చాను అంటాను. ఇంటికెళ్ళి, అడగలేదురా, అడగను కూడా, కావాలంటే నువ్వే అడుగు అంటాను. పెంచిన నోరే కదా, తిడతాను కూడా. నువ్వు పుట్టినప్పుడు నాకు ఒళ్ళు తెలియకుండా జ్వరం కాస్తే, పని మానేసి వచ్చి, ఇదే పిన్ని నిన్ను ఒళ్ళో వేసుకుని పోతపాలు పట్టిందిరా, అప్పుడు కూర్చుంది, బతుకులో ఆ కొద్ది రోజులే కూర్చుంది అంటాను. ఏరు దాటాక తెప్ప తగలేస్తారు లోకంలో, నువ్వు ఏరు దాటకముందే నిప్పు పెట్టావు అంటాను. ఇలా ఒక్కొక్కటే పేర్చుకుంటుంటే ఒంట్లోకి వేడి వచ్చింది, హాయిగా ఉంది, కోపం ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ పుస్తకాల్లో రాయలేదేం. ఆ హాయిలోనే, ఆ చెప్పులేవో చూద్దామనిపించింది. మంచం కింద, ఇటుకల పక్కన, పెట్టె ఉండాల్సిన చోట వంగి చూశాను. పెట్టె లేదు. తెల్లటి పల్చని కాగితం ఒకటి ఉంది, చెప్పుల చుట్టూ చుట్టి ఇస్తారే, అది, మడతలు సరిచేసి, దాచుకున్నట్టు పెట్టి ఉంది. కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాను. అక్షరం ముక్క లేని కాగితం. తొడుక్కుని బజారుకి వెళ్ళిందా? అడుగు మాసిపోతుందంది కదా. పెట్టె కూడా ఎందుకు పట్టుకెళ్ళింది? ఇస్త్రీ ఆవిడ ఏమంది, ఏదో మార్చుకొస్తానందని కదూ. కొలత సరిపోలేదేమో. సరిపోకపోవడమేమిటి, దాని కొలత నా కొలతే కదా, నాకు తెలియదా.

మెట్ల మీద అడుగులు. దానివే. బరువుగా, ఒక్కో మెట్టు మీద ఆగి.

వచ్చింది. ఎప్పుడొచ్చావక్కా, మొహం అలా ఉందేం, ఏమైనా తిన్నావా అంటూనే సంచి గోడకి ఆనించింది. నేను సంచి వైపే చూస్తున్నాను. అది నా చేతిలో కాగితం వైపు చూసింది. ఇద్దరం కాసేపు ఎవరి చూపు వాళ్ళు దాచుకోలేకపోయాం. తర్వాత అదే, వంటశాలలో దుకాణం కట్టేసేటప్పుడు అందరినీ నవ్వించే గొంతు ఒకటుంది దానికి, ఆ గొంతుతో చెప్పుకొచ్చింది. షాపువాడు మొదట తీసుకోనన్నాడట. అడుగు చూపించిందట, ఒక్క గీత లేదు, ఒక్క దుమ్ము రవ్వ లేదు, ఎవరైనా తొడిగితే ఇలా ఉంటుందా నాయనా అందట. మార్చి ఇచ్చాడు, పైన ఇంకొంచెం డబ్బు తిరిగి చేతికొచ్చింది కూడా. సంచిలోంచి తీసి నేల మీద పెట్టింది. నల్ల రబ్బరు బూట్లు. కొత్తవి, మెరుస్తున్నాయి, వాటి వాసన గదంతా నిండింది.

"మీవాడు పొద్దున్నే ఫోన్ చేశాడక్కా. అమ్మ వస్తుంది, చెప్పలేక నలిగిపోతుంది, వంట నేనే చేస్తానని నువ్వే ముందు అనేసెయ్ పిన్నీ అన్నాడు" అంది. బూట్లని పక్కకి జరుపుతూ, "ఏం పోయిందిలే. అక్కడ వంటింటికి కిటికీ పెద్దదట. అంతా కనబడుతుందట" అంది.

నన్ను పంపాడు, నా వెనకే ఫోనూ చేశాడు. నామీద నమ్మకం లేక కాదు, నేను చెప్పనని వాడికి తెలుసు, కన్నకొడుకు కదా, నా లోపల ఏ గిన్నె ఎప్పుడు మాడుతుందో నాకన్నా ముందు వాడికే తెలుస్తుంది. ఇదేమో ఒప్పేసుకుంది. ఒప్పుకుని, నేను వచ్చేలోపల గుర్తు కూడా లేకుండా చెయ్యాలని పరుగెత్తింది, నేను చూస్తే బాధపడతానని. ఇద్దరూ కలిసి నన్ను కాపాడారు. నా బాధ తప్పించడానికి దాని చెప్పులు అమ్మేశారు. ఇంతసేపూ పేర్చుకున్న మాటలు ఇప్పుడెవరికి? దీన్ని తిట్టాలా, వాణ్ణి తిట్టాలా, గేటు దగ్గర నా కాళ్ళు పట్టుకుని చెప్పులు లాగిన అమ్మని తిట్టాలా. వంగి, నా పాత చెప్పులు విడిచి, ఆ నల్ల బూట్లు లాక్కుని తొడుక్కున్నాను. ఏం చేస్తున్నావే అంది. మడమలు లోపలికి నొక్కాను. అణువణువూ సరిపోయాయి. సరిపోకేం. ఈ రోజు నా వంతు.

నిలబడి మా వాడికి ఫోన్ చేశాను. వెనకాల గోడౌనులో బండి ఏదో వెనక్కి వస్తూ కూతపెడుతోంది.

"వంటకి మనిషి కుదిరిందిరా" అన్నాను.

"పిన్ని ఏమీ అనుకోలేదు కదమ్మా?" ఆ గొంతులో బరువు దిగిన సంగతి నాకు ఇక్కడికి వినబడింది.

"పిన్ని నా కుర్చీలో కూర్చుంటుంది. ముందు వరసలో, మీ పై అధికారి పెళ్ళాం పక్కన. ఆవిడెవరని ఆయన అడిగితే మా పిన్ని అని చెప్పు. మీ అమ్మ ఏదని అడిగితే, వంటింట్లో ఉందని చెప్పు. పనివాళ్ళు లెక్కలోకి రారు, నీకు అద్దె కూడా పెరగదు. వంటకి నేనొస్తున్నా."

కూతపెట్టే బండి ఆగింది. చెల్లెలు నా చేతిలో ఫోన్ లాక్కోబోయి, నా కాళ్ళ వైపు చూసి, ఆ బూట్లలో నేను నిలబడ్డ తీరు చూసి, ఒక్కసారిగా నవ్వు పట్టలేకపోయింది. నీళ్ళు కూడా మాడ్చేస్తుందిరా అని ఫోనులోకి కేకేసింది. నవ్వో ఏడుపో, నిలబడలేక వెనక్కి చెయ్యి చాచి, కుర్చీ మీది బట్టల గుట్టని నేల మీదకి తోసేసి, దాంట్లో కూలబడింది.

"అమ్మా, నీకు వంట రాదు కదా" అన్నాడు వాడు, చివరికి.

"అలవాటవుతుందిలే" అన్నాను.